నడుమెత్తు తుప్పు

నాకు ఆ కాంట్రాక్టరంటే ఒళ్ళు మంట. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే తర్వాత నేను చేసిందంతా శాస్త్రం కోసం చేసినట్టు వినిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే చెప్పుకుంటూ తిరిగాను.

ఆయనది విజయనగరం దగ్గర పల్లెటూరు. తొంభైల మొదట్లో శృంగవరపుకోట దగ్గర ఒక మంచినీళ్ళ ట్యాంకు కట్టాడు. అది కారుతోందని నన్ను పిలిపించారు. అప్పటికి నేను కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి, విశాఖపట్నంలో ఒక గదిలో లాబ్ పెట్టుకుని, సిమెంటు కట్టడాలు ఎందుకు పాడవుతున్నాయో చూసి చెప్పే కన్సల్టెంటుగా బతుకుతున్నాను. ట్యాంకు చుట్టూ తిరిగాను, సుత్తితో కొట్టి చూశాను, ఇసుకలో మట్టి ఎక్కువైందని తేల్చాను. సర్పంచి, మేస్త్రీలు, కూలీలు అందరూ అక్కడే ఉన్నారు. కాంట్రాక్టరు తువ్వాలు భుజాన వేసుకుని నా ఎదురుగా నిలబడి, "సార్, సిమెంటు గురించి సదివినోడి కంటే కలిపినోడికే ఎక్కువ తెలుస్తాది. మీరు పుస్తకం సూసి సెప్తారు, నేను పార పట్టి సెప్తాను" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

చివరికి నేను చెప్పినట్టే ట్యాంకు లోపల మళ్ళీ ప్లాస్టరింగు చేయించారు. నా మాటే నెగ్గింది. అయినా ఆ నవ్వు మాత్రం మర్చిపోలేకపోయాను. భోంచేస్తుండగా గుర్తొస్తే ముద్ద మింగుడు పడేది కాదు.

మూడేళ్ళ తర్వాత, ఒక ఆగస్టు నెలలో, కొండ మీది నుంచి ఫోనొచ్చింది. అరకు వైపు, డుంబ్రిగుడ దాటి బాగా లోపలికి ఉన్న ఒక ఊళ్ళో గిరిజన ఆడపిల్లల హాస్టలు. కట్టి ఐదు వానాకాలాలే అయింది, అప్పుడే వరండా స్తంభాలు పగిలిపోతున్నాయి, వచ్చి కారణం చెప్పమన్నాడు అక్కడి ఇంజినీరు. కట్టిందెవరని అడిగాను. ఆ కాంట్రాక్టరు పేరే చెప్పాడు. ఫోను పెట్టేశాక నాకు చాలా హాయిగా అనిపించింది. ఇంకా కంట పడని స్తంభాల మీద నా తీర్పు అప్పుడే సగం తయారైపోయింది.

అరకు అందాన్ని చూసి మురిసిపోయేవాళ్ళంటే నాకు విసుగు. వాళ్ళు కిటికీలోంచి చేయి చాపి పట్టుకోబోయే ఆ పొగమంచులో సిమెంటు బస్తా పది రోజులుంటే చాలు, అంచుల్లో గడ్డ కడుతుంది. ఆ గడ్డలు చితక్కొట్టి, జల్లెడ పట్టి, మళ్ళీ కలిపేసే మేస్త్రీల్ని నేను బోలెడు మందిని చూశాను. దానికి తోడు ఘాట్ మలుపులు నా కడుపుకి పడవు. జీపు డ్రైవరు ఏదో కాఫీ తోట చూపించబోతే, "రోడ్డు చూసి నడపవయ్యా" అని కసిరాను.

హాస్టలు రెండు వరసల గదులు, ముందు పొడుగాటి వరండా. వరండాకి పన్నెండు స్తంభాలు. వెనక కొంచెం దిగితే గెడ్డ అని వాళ్ళు పిలిచే కొండవాగు, గెడ్డ అవతల కొండ, ఆ కొండ మీద నాలుగైదు చిన్న చిన్న ఊళ్ళు. జీపు హాస్టలు దాకానే వెళ్తుంది, అక్కడి నుంచి నడకే. గెడ్డలో ఒక వంతెనకి రెండు కాళ్ళు లేచి ఉన్నాయి, వాటి నెత్తిన ఊచలు ఇంకా కొత్తగా నల్లగా మెరుస్తున్నాయి. ఒడ్డున కూలీలు ఇనుము వంచుతున్నారు. అది కూడా ఆయన కాంట్రాక్టే.

హాస్టలు వంటామె అవతలి కొండ ఊరి మనిషి. నలభై ఏళ్ళుంటాయేమో. టీ తెచ్చి ఇస్తూ నన్ను ఇంజినీరనుకుని, "బాబూ, బ్రిడ్జీ ఈ యేడు అయిపోద్దేటి?" అంది. నాకేం తెలుసు అన్నాను. "బేగి అయ్యేటట్టు సూడండి బాబూ. పోయినేడు మా పిల్లకి నొప్పులొస్తే డోలీ కట్టి తెచ్చినాం. గెడ్డ నిండుగా ఉన్నాది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అవతల గట్టునే కూకున్నాం. బిడ్డ దక్కనేదు." ఆ మాట చాలా మామూలుగా చెప్పింది. ఇప్పుడా పిల్ల మళ్ళీ కడుపుతో ఉందిట. నేను సరేనని తల ఊపి స్తంభాల దగ్గరకి వెళ్ళిపోయాను.

పన్నెండు స్తంభాల్లో తొమ్మిది పగిలి ఉన్నాయి. నేల దగ్గర నుంచి నా నడుము ఎత్తు దాకా నిలువుగా చీలికలు, చీలికల్లోంచి ఎర్రగా తుప్పు నీరు. చేత్తో లాగితే కాంక్రీటు పెచ్చులు ఊడి వచ్చాయి. లోపలి ఇనుప ఊచకి ఉప్పు తగిలితే ఇలాగే అవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటు లేక చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలదీస్తుంది. ఊడిన పెచ్చుని పొడి చేసి, నీళ్ళలో కలిపి, వడకట్టి, నా సీసాలోంచి ఉప్పుని పట్టిచ్చే మందు రెండు చుక్కలు వేశాను. పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయింది. అంటే ఉప్పు దండిగా ఉంది.

కొండ మీద కాంక్రీటులోకి ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది? నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆ కాంట్రాక్టరుకి అదే రోజుల్లో భీమిలి వైపు ఇంకో పని ఉండేది. వానాకాలంలో గెడ్డ ఇసుక దొరకదు. కొండెక్కే లారీల్లో కడగని సముద్రపు ఇసుక వేసి పంపేసి ఉంటాడు. అంతే.

కబురందినట్టుంది, ఆయన కూడా వచ్చాడు. అదే తువ్వాలు. సముద్రపు ఇసుక అన్నానని విని ముందు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సముద్రం ఎక్కడ, ఈ కొండ ఎక్కడ సార్? ఇసుక పక్కనే గెడ్డలో ఉంటే, డీజిలు తగలేసి అక్కడి నుంచి మోయించుకోడానికి నాకు పిచ్చేటి?"

"కలిపినోడికే ఎక్కువ తెలుస్తుంది కదా, నువ్వే చెప్పు మరి ఉప్పెక్కడిదో" అన్నాను.

నాకు ఆ పాత మాట గుర్తుందని అప్పుడు అర్థమైంది ఆయనకి. "నాకు తెలీదు సార్" అన్నాడు. మూడేళ్ళుగా నేను వినాలనుకుంటున్న మాట అదే. విన్నాను, చల్లబడ్డాను.

ఇక్కడ నా పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఉప్పు ఎక్కడిదో తెలియాలంటే స్తంభానికి డ్రిల్లు పెట్టి, పొడిని మూడు లోతుల్లో వేరువేరుగా పట్టాలి. పై పొర ఒక పొట్లం, దాని కిందిది ఒకటి, ఊచ దాటి లోపలిది ఒకటి. ఉప్పు ఇసుకతో వచ్చి ఉంటే మూడు పొట్లాల్లోనూ ఒకేలా ఉంటుంది. బయటి నుంచి దిగి ఉంటే పైన ఎక్కువ ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. పగలని పై భాగంలో కూడా ఒకటి తీసి చూడాలి. కాలేజీలో పిల్లల చేత ఇది వల్లె వేయించాను. మర్చిపోయినవాడి మార్కులు కోసేశాను.

ఆ రోజు నేను నాలుగు స్తంభాల్లో, నాలుగూ నడుమెత్తులోనే, పై పొర పొడి పట్టాను. అంతలో వాన దంచి కొట్టింది. జనరేటరు డీజిల్లో నీళ్ళు పోయి ఆగిపోయింది. సాయంత్రమైతే ఘాట్‌లో రాళ్ళు జారతాయని డ్రైవరు నస మొదలుపెట్టాడు. ఇంకో రోజు ఉండి పని పూర్తి చెయ్యొచ్చు, ఇంజినీరు గది కూడా ఇస్తానన్నాడు. నాకు అక్కర్లేదనిపించింది. పెచ్చుల్ని భూతద్దం పెట్టి చూశాను. సముద్రపు ఇసుకైతే గవ్వ ముక్కలు కనిపించాలి. ఒక్కటీ కనిపించలేదు. జల్లెడ పట్టి ఉంటాడులే అనుకున్నాను. నడుము పైన స్తంభాలు ఎందుకు బాగున్నాయంటే, వాన జల్లు కిందే కొడుతుంది కాబట్టి అనుకున్నాను. ప్రతి ప్రశ్నకీ నా దగ్గర ఒక జవాబుంది, ఒక్కదాన్నీ పరీక్ష చెయ్యలేదు.

పొట్లాలు కడుతుంటే వంటామె మళ్ళీ వచ్చి పక్కన నిలబడింది. "బాబూ, ఈ స్తంబాల కాడ మేము వేసంగిలో..." అని ఏదో మొదలెట్టింది. ఆమె చీర చెంగు నుంచి నీళ్ళు నా పొడి మీద పడుతున్నాయి. "తప్పుకోవమ్మా, పని చేసుకోనీ" అని గట్టిగా అరిచాను. ఆమె తప్పుకుంది.

రిపోర్టు పదకొండు పేజీలు రాశాను. అందులో అందరూ చదివింది ఒక్క వాక్యమే. కడగని సముద్రపు ఇసుక వాడినట్టు నిర్ధారణ అయినది. ఇంజినీరు మహా సంతోషపడ్డాడు. తప్పంతా కాంట్రాక్టరు నెత్తిన పడితే ఆయన ఆఫీసు మీదికి ఏమీ రాదు. కాంట్రాక్టరుని నల్లజాబితాలో పెట్టారు. ఏజెన్సీలో ఆయన చేస్తున్న పనులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఆపేశారు. గెడ్డ మీద వంతెన రెండు కాళ్ళ దగ్గర ఆగింది.

ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చాడు. గేటు బయట నిలబడి, "నా మీద కోపముంటే నన్ను తిట్టండి సార్, పడతాను. బ్రిడ్జి కాళ్ళకి నేను గెడ్డ ఇసుకే పోశాను. మీరే వచ్చి తవ్వి సూడండి. బాగుంటే ఆ ఒక్కటీ పూర్తి చేసి పోతాను" అన్నాడు. నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను. గేటు తియ్యలేదు. పేపరు కూడా దించలేదు.

హాస్టలు రిపేరు నా చేతుల మీదే జరిగింది, డిసెంబరు, జనవరి నెలల్లో. తొమ్మిది స్తంభాలకి పాత పెచ్చులు కొట్టించి, ఊచలు శుభ్రం చేయించి, చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు పోయించాను. దిగువ ఏటి ఇసుక నేనే ఎంచాను. వచ్చిన ప్రతి లారీ నుంచి గుప్పెడు తీసి నా చేత్తో పరీక్ష చేశాను. ఉప్పు జాడ లేదు. ఇరవై ఎనిమిది రోజులు గోనెపట్టాలు చుట్టించి తడిపించాను. వంటామె నీళ్ళ బిందెతో అటూ ఇటూ పోతూ ఒక రోజు ఆగింది.

"బ్రిడ్జీ ఎందుకు ఆపేసినారు బాబూ?"

"ఆ ఇసుకతో కట్టిన వంతెన ఎక్కితే ఏమవుతుందో తెలుసా నీకు? కూలిపోతుంది. మీ ప్రాణాల కోసమే ఆపారు."

"ఆపేత్తే ఏటవుద్దో మాకు తెలుసు బాబూ" అంది. ఆమె కూతురికి ఈసారి బిడ్డ దక్కిందో లేదో నేను అడగలేదు. ఆమే చెప్పలేదు. ఆ తర్వాత నాకు టీ ఇచ్చేది, కానీ గ్లాసు నా చేతికి ఇవ్వకుండా గట్టు మీద పెట్టి పోయేది.

ఆ హాస్టలు ఫోటోలు నాకు చాలా పనికొచ్చాయి. సభల్లో గోడ మీద వేసి చూపించేవాణ్ణి. "కొండ మీద సముద్రం" అని చెప్పి ఆగితే హాలు హాలంతా నవ్వేది. ఈసారి నవ్వు నా వైపు ఉంది. ఏడేళ్ళ పాటు ఆ నవ్వు మీదే బతికాను.

రెండువేలు దాటాక, ఒక మే నెల చివర, అదే ఆఫీసు నుంచి ఇంకో ఇంజినీరు ఫోను చేశాడు. కుర్రాడు, గొంతులో మర్యాద ఉంది కానీ భయం లేదు. "సార్, మీరు చేయించిన తొడుగులు పగిలాయి" అన్నాడు. నేను ఎగిరి పడ్డాను. నేను పెట్టిన కాంక్రీటు పగలడమేమిటి, ఎవడో లారీతో గుద్ది ఉంటాడు, మీ మేస్త్రీలు సున్నమేదో కొట్టి ఉంటారు, అని ఏవేవో అరిచాను. ఆయన అంతా విని, "ఒకసారి వచ్చి చూడండి సార్. సరిగ్గా నడుము ఎత్తు దాకానే" అన్నాడు.

మర్నాడే బయల్దేరాను. వస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. వేసవి సెలవులు, హాస్టల్లో పిల్లలు లేరు. అప్పటిదాకా నేను అక్కడికి వానాకాలంలో వెళ్ళాను, చలికాలంలో వెళ్ళాను. వేసవిలో వెళ్ళడం అదే మొదటిసారి.

వరండా నిండా ఉప్పు బస్తాలు.

కల్లుప్పు. గోనె బస్తాలు, స్తంభాలకి ఆనించి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ముందురోజు కురిసిన వానకి, ఆ మంచుకి, బస్తాలు చెమర్చి కింద నుంచి నీరు ఊరుతోంది. ఆ నీరు స్తంభాల మొదట్లో మడుగు కట్టి ఉంది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. బస్తాలు ఎంత ఎత్తున పేర్చారో నా తొడుగులు అంతెత్తునే పగిలాయి. ఇసుక నేను ఎంచిందే. నీళ్ళు నేను పోయించినవే. కాంట్రాక్టరు ఆ చుట్టుపక్కల కాలు పెట్టి ఏడేళ్ళయింది.

డ్రైవరు చేత కుర్ర ఇంజినీరుకి కబురు పంపాను.

ఈసారి డ్రిల్లు సరిగ్గా వాడాను. కుర్రాడు జనరేటరు తెప్పించాడు. మూడు లోతులు, మూడు పొట్లాలు. పైన పగలని చోట ఇంకో మూడు. పాత కాంక్రీటు నడిబొడ్డు నుంచి కూడా తీశాను. నడుము కింద పై పొరలో ఉప్పు దండిగా ఉంది, లోపలికి పోయేకొద్దీ తగ్గింది. నడుము పైన లేనే లేదు. కాంట్రాక్టరు పోసిన లోపలి కాంక్రీటు శుభ్రంగా ఉంది. గెడ్డలోకి దిగి వంతెన కాళ్ళకి కూడా డ్రిల్లు పెట్టాను. ఉప్పు లేదు. గట్టిదనానికి సుత్తి కొట్టి చూస్తే కణకణమంది. అది ఆయన చేసిన పని, మంచి పని.

వంటామె వెనక గదిలోంచి వచ్చి చూస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. నమస్కారం పెట్టలేదు.

"ఈ ఉప్పు ఎప్పటి నుంచి పెడుతున్నారిక్కడ?" అన్నాను.

"ఈ ఇల్లు కట్టిన కాడినుంచీ. చింతపండు అమ్మి సంతలో ఉప్పు కొంటాం. జీపు ఇక్కడికే వస్తాది, ఇక్కడే దించీసుకుంటాం. ఇస్కూలు తెరిసేదాకా వరండాలో ఉంటాది, ఆ తరవాత మిగిలింది ఎనక గదిలో ఎట్టుకుంటాం. గెడ్డ తగ్గిన రోజు సూసి తలో మూటా మోసుకుపోతాం."

"ఒకేసారి మోసుకుపోవచ్చు కదా?"

"మాయి గడ్డి ఇళ్ళు. వానకి, మంచుకి ఇంట్లో ఉప్పు నీరైపోద్ది. ఇది శ్లాబిల్లు." ఆగి, నా మొహంలోకి సూటిగా చూస్తూ అంది. "బ్రిడ్జీ ఉంటే జీపు మా ఊరికే వచ్చును. మా ఊళ్ళోనే ఓ శ్లాబు గది ఏసుకుందుం. ఈ స్తంబాల కాడ మాకేటి పని?"

"ఈ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" సిగ్గు లేకుండా ఆ ప్రశ్న అడిగాను. కోపం ఎవరి మీదో తెలియక ఆమె మీదికి తోశాను.

"సెప్పబోయేను. తప్పుకోవమ్మా అన్నారు."

ఆమె ఊరుకోలేదు. "ఒక్క కాయితం రాసి బ్రిడ్జీ ఆపేసినారు కదా బాబూ. ఇంకో కాయితం రాసి కట్టించండి మరి."

రాశాను. రెండో రిపోర్టు నాలుగు పేజీలే. మొదటిది తప్పని రాశాను, ఎందుకు తప్పో రాశాను, మూడు పొట్లాల సంగతి రాశాను, ఆ పరీక్ష అప్పుడు నేను చెయ్యలేదని రాశాను. కాంట్రాక్టరు ఇసుకలో దోషం లేదని, వంతెన కాళ్ళు గట్టిగా ఉన్నాయని, వాటి మీదే పని పూర్తి చెయ్యవచ్చని రాశాను. స్తంభాల కోసం చివర్లో ఒక సూచన కూడా చేర్చాను. హాస్టలు ఆవరణలో ఉప్పు నిల్వ చెయ్యరాదు. రాయకుండా ఎలా ఉంటాను? ఏ పుస్తకం చూసినా అదే చెబుతుంది.

రిపోర్టు నకలు పట్టుకుని కాంట్రాక్టరు ఊరు వెళ్ళాను. ఆయన పనులు మానేసి పొలం చూసుకుంటున్నాడు. మిక్సరు మిషను పెరట్లో తుప్పు పట్టి ఉంది, దాని మీద కోళ్ళు ఎక్కి కూర్చున్నాయి. నాకు కుర్చీ వెయ్యలేదు. నాలుగు పేజీలూ నిలబడే చదివాడు, పెదవులు కదుపుతూ, నెమ్మదిగా. చదివి మడిచి నాకే ఇచ్చేశాడు.

"ఇది నాకు సూపించి ఏం లాభం సార్? నా పొలం నాకుంది. ఆ గెడ్డ అవతలోళ్ళకి సూపించండి."

క్షమించమని అడుగుదామని వెళ్ళాను. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను అక్కడే కాసేపు కోళ్ళని చూస్తూ నిలబడి వచ్చేశాను.

జూన్ రెండో వారంలో మళ్ళీ కొండెక్కాను. ఆఫీసులో కుర్ర ఇంజినీరు నా మొహం చూడకుండా మాట్లాడాడు. వంతెన ఫైలు ఎప్పుడో మూసేశారట. మళ్ళీ తెరవాలంటే కొత్త అంచనాలు, కొత్త అనుమతులు, ఎప్పటికవుతుందో తెలీదన్నాడు. "మీ రిపోర్టు మాత్రం పైవాళ్ళు చదివారు సార్. చర్య కూడా తీసుకున్నారు" అన్నాడు.

ఆ చర్య ఏమిటో హాస్టలు దగ్గరకి వెళ్ళాక చూశాను. ఉప్పు బస్తాలన్నీ వరండాలోంచి, వెనక గదిలోంచి తీయించి బయట పెరట్లో పారేయించారు. వాన పడుతోంది. బస్తాల మీద చిరిగిన ప్లాస్టిక్ పట్టా ఒకటి కప్పారు, అది సగం బస్తాలకి కూడా చాలలేదు. అవతలి ఊళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు మూటలు కట్టుకుని వరసగా గెడ్డలోకి దిగుతున్నారు. నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి. మధ్యాహ్నానికి ఇంకా పెరుగుతాయని అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడట్లేదు, పరుగులాంటి నడక నడుస్తున్నారు.

వంటామె ఒక బస్తాలోంచి మూటలోకి ఉప్పు ఎత్తుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. "మీ కాయితం వచ్చింది బాబూ" అంది.

నేను నాలుగు పేజీల్లో వంతెన కట్టమని మూడు చోట్ల రాశాను. ఆ మాట ఆమెకి చెప్పాలనుకున్నాను. చెబితే ఎలా వినిపిస్తుందో నాకే తెలిసి నోరు మూసుకున్నాను. ఆఫీసువాళ్ళని తలుచుకున్నా, నన్ను నేను తలుచుకున్నా ఒళ్ళు మండిపోయింది. ప్యాంటు మడిచి, చెప్పులు వదిలేసి, ఆమె కట్టిన మూట ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. "వొద్దు బాబూ, మీకు సేత కాదు" అంది. నేను వినలేదు. ఆమె చెప్పింది వినడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు.

గెడ్డ నీరు చల్లగా, నేను అనుకున్నదానికంటే బలంగా ఉంది. వాళ్ళు ఏ రాయి మీద కాలు పెడుతున్నారో నాకు కనిపించలేదు. మధ్యలో, వంతెన కాలి దగ్గర, నా పాదం జారింది. పడకుండా ఉండాలని చెయ్యి చాచి దొరికింది పట్టుకున్నాను. అది కాలి నుంచి వంగి పొడుచుకొచ్చిన ఊచ. ఏడేళ్ళు ఎండలో వానలో అలాగే నిలబడి ఎర్రగా గరుకుదేరి ఉంది. నేను నిలబడ్డాను. మూట దాని మొనకి తగిలి చిరిగింది, భుజం మీదుగా జారి నీళ్ళలో పడింది. చిరుగులోంచి ఉప్పు తెల్లగా ఒక్క క్షణం కనిపించింది, తర్వాత బురద నీరే.

వెనక ఆమె నెత్తిన ఇంకో మూటతో వచ్చి ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఒక చేత్తో తన మూట పట్టుకుని, వంగి, నీళ్ళలోంచి ఖాళీ గోనె తీసింది. పిండి, నడుముకి దోపుకుంది. ఆ మూట వాళ్ళ ఇంటికి ఎన్నాళ్ళకి వచ్చేదో నేను అడగలేదు.

"గట్టుకెల్లి కూకోండి బాబూ" అంది. "మీరు సేసింది సాలు."

ఆమె నన్ను దాటుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. నేను ఊచ పట్టుకునే మెల్లగా వెనక్కి తిరిగి, ఇవతలి గట్టు ఎక్కి కూర్చున్నాను.